పాత పడవ బేరం – దళారి బాధ్యత

ఇంగ్లండు దక్షిణతీరంలో సౌతాంప్టన్ నగరానికి చేరువలో హాంబుల్ అనే చిన్న నది సముద్రపు పాయలో కలుస్తున్నది. ఆ నది పొడుగునా బారులు తీరి నిలిచిన తెరచాప పడవల కొయ్యలు దూరం నుంచి చూచేవారికి సరుగుడు తోటవలె కనిపిస్తాయి. గట్టుమీద పడవల దళారుల కార్యాలయాలున్నవి. వాటి అద్దాల వెనుక పడవల ఛాయాచిత్రాలు, పొడవు, నిర్మించిన సంవత్సరం, అడిగే ధర అతికించి ఉంటాయి. మన పట్టణాలలో ఇండ్లకు, పొలాలకు, వధూవరులకు కూడా మధ్యవర్తులున్నట్లే అక్కడ పడవలకు మధ్యవర్తులున్నారు. అయితే ఈ వృత్తికి అక్కడ నూరేండ్లకు పైబడిన చట్టమూ, న్యాయస్థానాల తీర్పులూ తోడుగా ఉన్నవి. దళారి ఎవరి మనిషి, ఎంతవరకు నమ్మదగినవాడు, బేరం చెడితే నష్టం ఎవరిది అనే ప్రశ్నలకు ఆ తీర్పులలో దొరికే సమాధానాలు పడవ ముఖం చూడనివారికి సైతం పనికివచ్చేవి.

పడవ కొనుగోలులో పాతవాటికి అంత గిరాకీ ఎందుకో ముందుగా చెప్పవలెను. పూర్వం పడవలు కొయ్యతో కట్టేవారు. పాతబడిన కొయ్య పుచ్చిపోయేది. గత శతాబ్ది మధ్యభాగం నుంచి గాజుపీచును రెసిన్ అనే జిగురుతో కలిపి అచ్చులో పోసి చేసే పడవలు వచ్చినవి. ఇవి సులభంగా చావవు. 1970 ప్రాంతాల కట్టిన పడవలు నేటికీ సముద్రం మీద తిరుగుతున్నవి. కనుక ఒక్కొక్క పడవ ముగ్గురు నలుగురు యజమానుల చేతులు మారుతుంది. ధర ఒక పాత మోటారు కారు వెల మొదలు ఒక మంచి ఇంటి వెల వరకు పలుకుతుంది. ఉద్యోగ విరమణ అనంతరం చేతికి వచ్చిన సొమ్మంతా దానిమీద పెట్టే దంపతులు అక్కడ అరుదు కాదు.

ఇక దళారి ఎవరి మనిషి? ఈ ప్రశ్న దగ్గరనే కొనుగోలుదారులు ఎక్కువగా పొరబడతారు. దళారి ఎంతో మర్యాదగా పలకరిస్తాడు, పడవ ఎక్కించి చూపిస్తాడు, తేనీరు ఇస్తాడు, వంద ప్రశ్నలకు ఓపికగా బదులు చెబుతాడు. వచ్చినవాడు ఇతడు తన హితుడని అనుకుంటాడు. కాని అతనికి ప్రతిఫలం ఇచ్చేవాడు అమ్మకందారు. ధరలో నూటికి పది వంతు అక్కడి పరిపాటి. న్యాయశాస్త్రం దృష్టిలో అతడు అమ్మకందారుకు ప్రతినిధి. తన యజమానికి మంచి ధర రాబట్టుట అతని విధి. కొనేవాని ఎడల అతని విధి వేరు: అబద్ధమాడరాదు, అర్ధసత్యం చెప్పి దారి తప్పించరాదు, తన చేతిలో ఉంచిన సొమ్మును సొంతానికి వాడరాదు. అంతే. మన పశువుల సంతలో తువ్వాలు కింద వేళ్లు పట్టి ధర నిర్ణయించే దళారి ఇద్దరికీ కావలసినవాడుగా కనిపిస్తాడు. ఇంగ్లీషు చట్టం ఆ రెండు పడవల ప్రయాణాన్ని ఒప్పుకోదు. ఉభయులూ తెలిసి అంగీకరిస్తే తప్ప ఒకే మనిషి ఇరుపక్షాలకూ ప్రతినిధిగా ఉండి రెండువైపులా దలాలీ తీసుకొనరాదు.

అమ్మకందారు ఎడల దళారి విధి ఎంత కఠినమైనదో లండను అప్పీలు న్యాయస్థానం చెప్పిన ఒక తీర్పు వల్ల తెలుస్తుంది. అది పడవ సంగతి కాదు, భవనం సంగతి. 6,150 పౌన్లకు ఒకరు ముందుకు వచ్చినారు. ఒప్పందం వ్రాతపూర్వకం కావలసి ఉండగా యజమాని సరే అన్నాడు. ఇంతలో మరొకరు 6,750 ఇస్తామన్నారు. మొదటి బేరం కుదిరినదే గదా, మా పని అయిపోయినది అనుకొని దళారులు ఆ మాట యజమానికి చెప్పలేదు. ఒప్పందం మీద సంతకాలు పడేవరకు మీ పని అయిపోలేదు, ఆ 600 పౌన్ల తేడా మీరే చెల్లించండి అని న్యాయస్థానం అన్నది. పడవల దళారులకు ఈ తీర్పు నేటికీ పాఠమే. పడవ చూచిపోయిన ముగ్గురిలో తనకు ఇష్టుడైన ఒకనికి కట్టబెట్టే దళారి తన జేబులోంచి ఇచ్చుకొనవలసి రావచ్చును.

అయితే తగవులు ఎక్కువగా వచ్చేది ధర దగ్గర కాదు, లోపాల దగ్గర. తెరచాప పడవ లోపాలు కంటికి కనిపించే చోట ఉండవు. గాజుపీచు గోడలోకి ఏండ్ల తరబడి నీరు ఇంకి లోపల పులిసి పైకి పొక్కులు లేస్తాయి. నీటిలో ఉన్న పడవకు ఆ పొక్కులు కనబడవు, ఒడ్డుకెత్తి అడుగు చూడవలసిందే. పై అంతస్తు పలక రెండు పొరల నడుమ తేలికైన బాల్సా కొయ్య పెట్టి కడతారు. ఒక్క మరచుట్టు సడలి నీరు దిగితే ఆ కొయ్య లోలోపల కుళ్లిపోతుంది. పడవ ఒరిగిపోకుండా అడుగున సీసంతోనో, పోత ఇనుముతోనో చేసిన కీల్ అనే పెద్ద బరువు బిగిస్తారు. దానిని పట్టి ఉంచే బోల్టులు తుప్పుపట్టినవో లేదో బయటినుంచి చూచి చెప్పుట కష్టం. తెరచాప కొయ్యను నిలబెట్టే ఉక్కుతీగలు మెరుస్తూనే ఉంటాయి, కాని పది పదిహేనేండ్లు గడిస్తే మార్చవలెనని అనుభవజ్ఞులు చెబుతారు. కొన్ని భీమా సంస్థలు మార్చనిదే భీమా ఇవ్వవు.

అందువల్ల అక్కడి వాడుక ఇట్లున్నది. కొనేవాడు ధరలో పదోవంతు బయానా చెల్లించి ఒప్పందం వ్రాసుకుంటాడు. అందులో పరీక్షకు గడువు ఉంటుంది. తన ఖర్చుమీద సర్వేయరును నియమించి, తన ఖర్చుమీదనే పడవను ఒడ్డుకెత్తించి చూపిస్తాడు. సర్వేయరు చిన్న సుత్తితో అడుగంతా తట్టి శబ్దం వింటాడు, తేమను కొలిచే పరికరం పెట్టి చూస్తాడు. తరువాత సముద్రంలో నడిపి చూస్తారు. చెప్పుకోదగిన లోపం తేలితే ధర తగ్గించమని అడుగవచ్చు, బయానా వెనుకకు పుచ్చుకొని తప్పుకొనవచ్చు. ఇందులో దళారి పాత్ర గురించి ఒక మాట. ఏ సర్వేయరును పిలువమంటారని కొనేవాడు దళారిని అడుగుతాడు. మంచి దళారి మూడు నాలుగు పేర్లు చెప్పి ఎన్నిక అతనికే విడిచిపెడతాడు. ఒక్క పేరే చెప్పి అతడే గొప్పవాడని పట్టుబట్టే దళారిని నేనైతే అనుమానిస్తాను. నెలకు పది పనులు ఇప్పించే దళారి బేరాన్ని చెడగొట్టేటంతటి ధైర్యం ఏ పరీక్షకునికైనా కష్టమే.

పరీక్ష చేయించుకున్నాము గదా అని దళారి మాటలకు విలువ లేకుండా పోదు. ఇంగ్లండులో 1967 నాటి చట్టం ప్రకారం, తగిన ఆధారం లేకుండా చెప్పిన తప్పుమాటను నమ్మి ఒప్పందం చేసుకొని నష్టపోయినవానికి పరిహారం లభిస్తుంది. ఆ మాట నిజమని నమ్ముటకు సరియైన కారణమున్నదని రుజువు చేసుకొనే భారం చెప్పినవానిదే. 1978 నాటి ఒక తగవులో మట్టి మోసే బల్లకట్టు ఓడల బరువు ఎంతని అడిగితే యజమాని తరఫు మనిషి 1,600 టన్నులన్నాడు. నిజానికి అవి మోయగలిగింది 1,055. అతడు అబద్ధమాడలేదు. లాయిడ్స్ రిజిస్టరులో తప్పు పడ్డ అంకెను జ్ఞాపకం పెట్టుకొని చెప్పినాడు. కాని సరియైన అంకె ఓడ కాగితాలలో తమ దగ్గరనే ఉండగా చూడలేదు గనుక అతని సంస్థ బాధ్యత వహించవలసి వచ్చినది. ఇక్కడ ఒక సూక్ష్మం ఉన్నది. దళారి చెప్పిన తప్పుమాటకు ఈ చట్టం కింద జవాబు చెప్పవలసినది దళారి కాదు, అమ్మకందారు. 1983లో స్కోపాస్ అనే ఓడ అమ్మకం గురించి వచ్చిన తీర్పులో ఈ సంగతి తేల్చినారు. దళారి తెలిసి మోసగిస్తేనో, ప్రత్యేకంగా తనమీద బాధ్యత వేసుకొని చెప్పి అజాగ్రత్త చూపితేనో తప్ప అతనిమీదికి పోలేము. కనుక నోరుజారే దళారి వల్ల మొదట చిక్కులలో పడేది అతనిని పెట్టుకున్న యజమానియే.

ఈ వరుసలో అన్నిటికన్న ముఖ్యమైన తగవు స్కాట్లండునుంచి వచ్చినది. ఒక పెద్దమనిషి తన గదుల పడవను అమ్మిపెట్టమని ఒక పడవల సంస్థకు అప్పగించినాడు. కొనవచ్చినవాడు ఆ పడవ సంస్థదేననుకొని కొన్నాడు. దాని వెనుక వేరొక యజమాని ఉన్నాడని గాని, ఆ యజమాని వ్యాపారి కాడని గాని అతనికి ఎవరూ చెప్పలేదు. తీరా చూస్తే పడవ నీటిమీదికి పోవుటకు పనికిరానిది. మామూలుగా వ్యాపారం కాని గృహస్థు తన పాత వస్తువు అమ్మితే దాని మంచిచెడ్డలకు చట్టం అతనిని బాధ్యుని చేయదు, కొనేవాడే చూచుకొనవలెను. కాని 1979 నాటి వస్తు విక్రయ చట్టం 14వ సెక్షనులో ఒక ఉపవిధి ఉన్నది: వ్యాపార ధర్మంగా ప్రతినిధిత్వం చేసే దళారి ద్వారా అమ్మకం జరిగితే వస్తువు తగినంత బాగుండవలెననే షరతు వర్తిస్తుంది. యజమాని వ్యాపారి కాడని కొనేవానికి తెలిసినా, తెలిపే ప్రయత్నం తగినంతగా జరిగినా మాత్రమే మినహాయింపు. ఆనాడు అత్యున్నత న్యాయస్థానంగా ఉండిన ప్రభువుల సభ 1995లో ఈ తగవును విచారించి, పరిహారం ఇవ్వవలసినవాడు తెరవెనుక ఉన్న ఆ యజమానియేనని చెప్పినది. పాపం, ఆ గృహస్థు కొనేవానిని చూడనేలేదు, ఒక్క మాట చెప్పనూ లేదు. తన దళారి ఒక్క వాక్యం చెప్పకపోవుట వల్ల అతని మీద ఇంత బరువు పడినది.

ఐరోపా న్యాయస్థానం 2016లో బెల్జియమునుంచి వచ్చిన ఒక పాత కారు వ్యాజ్యంలో ఇటువంటి చిక్కునే మరొక వైపునుంచి విప్పినది. అక్కడ కారు ఒక గృహస్థుది, అమ్మిపెట్టినది గారేజీ. యజమాని వేరని కొన్నామెకు సరిగా తెలియజేయనప్పుడు ఆ మధ్యవర్తినే అమ్మకందారుగా పరిగణించవచ్చునన్నది ఆ న్యాయస్థానం. బ్రిటనులో దాగిన యజమాని పట్టుబడ్డాడు, ఐరోపాలో దాచిన దళారి పట్టుబడ్డాడు. నా దృష్టిలో రెండవదే న్యాయానికి దగ్గర. నోరు మెదపవలసినవాడు దళారి గదా.

పడవ బాగుంటే చాలదు, అమ్మేవానికి అమ్మే హక్కు ఉండవలెను. ఇక్కడ ఒక చిత్రమైన ఆచారం చెప్పక తప్పదు. బ్రిటిషు రిజిస్టరు మొదటి భాగంలో నమోదైన ఏ ఓడ యాజమాన్యమైనా 64 వంతులుగా విభజింపబడి ఉంటుంది. చిన్న తెరచాప పడవ కైనా అంతే. అన్నదమ్ములిద్దరు చెరి 32 వంతులు కలిగి ఉండగా ఒక్కడే అమ్మజూపితే కొనేవానికి దక్కేది సగం పడవ. తనఖాలు కూడా ఆ రిజిస్టరులోనే వ్రాస్తారు. కాని చిన్న పడవలకు వేరుగా మూడవ భాగం ఒకటి ఉన్నది. అది చవుక, సులభం, పడవకు జెండా కట్టుకొనే హక్కు ఇస్తుంది. యాజమాన్యానికి మాత్రం రుజువు కాదు, తనఖాలు అందులో వ్రాయరు. మూడవ భాగపు పత్రం చూపి యజమానిని నేనే అంటే ఒప్పుకొనే దళారి తన పని చేయనట్లే లెక్క. నిర్మాణశాల ఇచ్చిన మొదటి పత్రం మొదలు నేటివరకు చేతులు మారిన విక్రయపత్రాల గొలుసులో ఏ లంకె తెగలేదని చూచుట అతని కర్తవ్యం.

అప్పుల సంగతి అంతకన్న చిక్కు. సముద్ర న్యాయంలో కొన్ని అప్పులు మనిషికి కాదు, ఓడకే అంటుకొని ఉంటాయి. నావికుల జీతం, ఆపదలో రక్షించినవారి ప్రతిఫలం, ఢీకొట్టి చేసిన నష్టం ఇట్టివి. అమెరికాలో మరమ్మతు చేసి డబ్బు ముట్టని కార్ఖానావానికి కూడా ఇట్టి హక్కు ఉన్నది. రిజిస్టరులో ఎక్కకపోయినా అది పడవతో పాటు కొత్త యజమాని వద్దకు పోతుంది. ఏ పాపం ఎరుగని కొనుగోలుదారు పడవకు ఒకనాడు న్యాయస్థానపు నోటీసు అంటించి గొలుసులు వేయవచ్చును.

బయానా సొమ్ము దళారి చేతిలో ఉండుట ఇంకొక భయస్థానం. 1976లో ప్రభువుల సభ తీర్పు చెప్పిన ఒక వ్యాజ్యంలో ఇండ్ల దళారి ఒప్పందం కాకముందే పలువురినుంచి బయానాలు పుచ్చుకొని పరారైనాడు. ఇంటి యజమాని ఆ సొమ్ము తీసుకొమ్మని చెప్పలేదు గనుక ఆయన బాధ్యుడు కాడు, ఇచ్చినవాడే నష్టపోయినాడు. ఈ గతి పట్టకుండా అమెరికాలో కొన్ని రాష్ట్రాలు పడవల దళారులకు లైసెన్సు చట్టాలు చేసినవి. ఫ్లోరిడాలో 32 అడుగులకు మించిన పాత పడవల దళారికి లైసెన్సు, పూచీకత్తు ఉండవలెను, కొనేవాని సొమ్ము ప్రత్యేకమైన ట్రస్టు ఖాతాలో వేయవలెను. కాలిఫోర్నియాలోనూ ఇటువంటి చట్టమున్నది. బ్రిటనులో ఇట్టి లైసెన్సు లేదు. ఎవడైనా రేపే పలక తగిలించుకొని దళారి కావచ్చును. వృత్తి సంఘాలలో చేరినవారు నియమావళికి కట్టుబడతారు, చేరనివారిని ఏ నియమావళీ కట్టివేయదు.

దళారి పక్షాన కూడా ఒక మాట చెప్పవలెను. నెలల తరబడి పది మందికి పడవ చూపించి తీరా బేరం కుదిరేవేళ యజమాని మనసు మార్చుకుంటే దలాలీ రాదు. అమ్మకం పూర్తి అయినప్పుడే ప్రతిఫలమని ఒప్పందంలో ఉంటే మధ్యలో మానుకొనే స్వేచ్ఛ యజమానికి ఉన్నదని ప్రభువుల సభ సినిమా హాళ్ల తగవులో చెప్పినది. అందులో దళారి అడిగినది 10,000 పౌన్లు. ఎనిమిది తొమ్మిది దినాల పనికి ఇది ఒక లార్డ్ ఛాన్సలరు ఏడాది జీతమంత అని ఒక న్యాయమూర్తి వ్యాఖ్యానించినాడు! అంత లాభానికి ఆశపడేవాడు అంత నష్టానికి సిద్ధపడవలెనని దాని భావం. అందుకే నేటి దళారులు ఇంత కాలం వరకు నేను తప్ప మరొకరు అమ్మరాదని ముందుగానే వ్రాయించుకుంటారు.

మన దేశంలో హుస్సేన్‌సాగర్ మీద వారాంతాలలో తెల్లని చిన్న తెరచాపలు తిరుగుట హైదరాబాదు శ్రోతలు చూచే ఉంటారు. ఆ క్రీడాపడవలు కూడా చేతులు మారుతూనే ఉంటాయి. పడవల దళారులకని వేరే చట్టం వెదకనక్కరలేదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలో ప్రతినిధుల అధ్యాయం ఉన్నది. యజమాని ఆజ్ఞ ప్రకారం నడుచుకొనుట, తగిన నైపుణ్యం చూపుట, లెక్క అప్పగించుట, చిక్కు వచ్చినప్పుడు యజమానికి తెలిపి సలహా అడుగుట, ఇవన్నీ 211 మొదలు వరుసగా ఉన్నవి. 216వ సెక్షనుకు ఇచ్చిన ఉదాహరణ చక్కనిది: ఒకడు ఫలానా ఇల్లు కొనిపెట్టమని ప్రతినిధికి చెప్పినాడు. ఆ ఇల్లు అమ్మకానికి లేదని చెప్పి ప్రతినిధి తానే కొనుక్కున్నాడు. ఆ ఇంటిని కొన్న ధరకే తనకు ఇమ్మని యజమాని పట్టుబట్టవచ్చును. ఇల్లు అనేచోట పడవ అని చదువుకొన్నా సరిపోతుంది. యజమాని పేరు బయటపెట్టని ప్రతినిధి స్వయంగా బాధ్యుడని అనుకొనవలెనని 230వ సెక్షను చెబుతున్నది. ఇది స్కాట్లండు తగవులో దళారికి కాని శిక్ష.

ఆ చట్టంలోనే 17వ సెక్షను మోసమంటే ఏమిటో చెబుతూ గుర్రం కథ ఒకటి చెప్పినది. గుర్రానికి రోగమున్నదని తెలిసి అమ్మేవాడు ఊరకుంటే మోసం కాదు. కొనేవాడు, నీవు కాదనకపోతే గుర్రం ఆరోగ్యమైనదని అనుకుంటాను అన్న తరువాత అమ్మేవాడు ఊరకుంటే ఆ మౌనమే మాట అవుతుంది. పడవ కొనేవానికి ఇంతకన్న చవుకైన సాధనం లేదు. ఎన్నడైనా గట్టుకు తగిలి కూర్చున్నదా, కీల్ బోల్టులు ఎప్పుడు చూచినారు, ఉక్కుతీగలు ఏ సంవత్సరంలో మార్చినారు, అప్పులేమైనా ఉన్నవా, యజమాని ఎవరు, ఆయన వ్యాపారియా అని ఒక ఉత్తరం వ్రాసి, మీరు వేరుగా చెప్పకపోతే లేదనే తలుస్తాను అని చేర్చి దళారికి పంపవలెను. జవాబు వచ్చినా మంచిదే, రాకపోయినా నకలు దాచుకొనవలెను. పడవతో పాటు ఏమేమి ఇస్తారో జాబితా కూడా ఆ ఉత్తరానికే జోడించుట మేలు. పెద్ద లోపాల మీద వ్యాజ్యాలు న్యాయస్థానాలకు పోతాయి గాని, రేవులో ముఖాలు ఎర్రబడేది మాత్రం చూచినప్పుడు ఉండి స్వాధీనపు వేళకు మాయమైన రెండవ లంగరు, చిన్న రబ్బరు పడవ, తేనీటి కెటిలు దగ్గరనే.